సమస్య: "దక్షిణయె లేని యాగమే ధన్యమయ్యె"

నిర్వాహకులు: తేటగీతి పాదం. సమస్యలో చిక్కు తెలిసిందే: దక్షిణ లేని యజ్ఞాన్ని శ్రుతి ఒప్పుకోదు. ఆహుతులు దేవతలకు, దక్షిణలు మనుష్యదేవతలైన బ్రాహ్మణులకు అంటుంది శతపథ బ్రాహ్మణం. ఋగ్వేదం 10వ మండలంలోని 107వ సూక్తమంతా దాతల స్తుతే. మరి ఈ పాదాన్ని ఎలా నిలబెడతారో చూద్దాం.

తెనాలి:
సత్రయాగాన నందఱు స్వాము లగుటఁ
బుచ్చుకొనువాఁడు నిచ్చెడి పురుషుఁ డొకఁడె
పంచుకొందురు ఫలమునె, పసులఁ గాదు
దక్షిణయె లేని యాగమే ధన్యమయ్యె.

నిర్వాహకులు: తెనాలి గారూ, మీ పూరణ చాలా బాగున్నది. సత్రయాగంలో కనీసం 17 మంది ఉంటారు, అందరూ యజమానులే, ఋత్విక్కుల (యాగం జరిపించే పురోహితుల) పని చేసేదీ వారే. కనుక దక్షిణ ప్రసక్తే లేదు. 'స్వాములు' (యాగఫలానికి హక్కుదారులైన యజమానులు) అన్న మీమాంసకుల, అంటే వేదకర్మలను విచారించే శాస్త్రజ్ఞుల మాట పద్యంలో చక్కగా ఒదిగింది.

కోనసీమ:
గడ్డి మేయుట ముగిసిన గొడ్డు లిచ్చి
స్వర్గ మాశించు జనకుని సవన మేల?
అట్టి దానమ్ము కంటెను నధిక మనఁగ
దక్షిణయె లేని యాగమే ధన్యమయ్యె.

తెనాలి: కోనసీమ గారూ, మొదటి పాదంలో గ, గొ లకు యతి చెల్లలేదేమో!

కోనసీమ: అక్కడ వేసింది ప్రాసయతి ఆర్యా, మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలపడం. గడ్డి, గొడ్డు. తేటగీతికి అది చెల్లుతుంది.

నిర్వాహకులు: యతి సరే. భావం దగ్గరే నాకు అభ్యంతరం. కఠోపనిషత్తులో నచికేతుడు ముసలి ఆవులను చూసి బాధపడ్డాడు, నిజమే. అయితే దక్షిణే వద్దని అతడు అనలేదు. నన్నెవరికి ఇస్తావని తండ్రిని అడిగి, తానే దక్షిణ కావడానికి సిద్ధపడ్డాడు. నాలుగో పాదానికి మూడో పాదం ఇచ్చే ఆధారం చాలదు. మరొకసారి ప్రయత్నించండి.

ఓరుగల్లు:
రుద్రు కన్నీరు వెండియై రూపుఁ దాల్చె
నిచ్చు నింట నేడ్పని శ్రుతి యెఱుకపఱచె
గోవుఁ బసిఁడి నొసంగిరి కోరి, రజత
దక్షిణయె లేని యాగమే ధన్యమయ్యె.

నిర్వాహకులు: అద్భుతమైన విరుపు! 'రజత' పైపాదంలో చేరగానే సమస్య విడిపోయింది. తైత్తిరీయ సంహిత కథ ఇది: రుద్రుని కన్నీరు వెండి అయింది, బర్హిస్సుపై (యజ్ఞవేదికపై పరిచే దర్భలపై) వెండి ఇస్తే ఏడాది తిరగకముందే ఆ ఇంట ఏడుపు. ఒక్క లోటు, బర్హిస్సు మాట పద్యంలో పడలేదు. నిషేధం ఆ చోటికే కదా.

కోనసీమ: ఒక సందేహం. నానేఘాట్‌లో శాతవాహన రాణి నాగానిక శాసనం యాగాల దక్షిణలను వరుసగా చెబుతుంది. ఆవులు, గుర్రాలు, ఏనుగులు, ఊళ్లు, వాటితోబాటు కార్షాపణాలనే నాణేలు. ఆ కాలపు కార్షాపణాలు ఎక్కువగా వెండివే కదా?

ఓరుగల్లు: మంచి ప్రశ్న. నా పద్యం సంహితాకాలానికే. తర్వాత దక్షిణ రూపం బాగా మారింది. ఋగ్వేద ఋషి కక్షీవంతుడు స్వనయుడనే రాజు దగ్గర 100 నిష్కాలు (బంగారు ఆభరణాలు), 100 గుర్రాలు, 100 ఆవులు పొందానని పాడుకున్నాడు. అది దాత ఇష్టం. యాగవిధులు రాసిన సూత్రకారుల నాటికి లెక్క కట్టుబడింది: అగ్నిష్టోమమనే సోమయాగానికి 112 ఆవులని ఒక విధి. 16 మంది ఋత్విక్కుల వాటాలూ తేలాయి. 100 ఆవులైతే నలుగురేసి ఉన్న ఒక్కో వర్గంలో ముఖ్యునికి 12, తర్వాతివారికి 6, 4, 3. ఇక నాగార్జునకొండ శాసనాలు ఇక్ష్వాకు రాజు చాంతమూలుణ్ణి కోట్ల బంగారం, లక్ష ఆవులు, లక్ష నాగళ్ల నేల ఇచ్చినవాడిగా కీర్తిస్తాయి. నేల, నాణెం వచ్చాక పాత నిషేధాన్ని బర్హిస్సు వరకే పరిమితం చేసి చదువుకున్నారని నా ఊహ.

నిర్వాహకులు: ఊహ సమంజసంగా ఉంది. అయితే పద్యంలో 'ఒసంగిరి' అన్న భూతకాలం అలాగే ఉంచండి. కోనసీమ గారూ, మీ రెండో పూరణకు నాగానికనే తీసుకోకూడదా?