మా పొమరేనియన్ నోట్లోంచి ఎండుచేపల వాసన. మేమేమో చేపలే తినం!

లడ్డూవాళ్ళమ్మ:
అందరికీ నమస్కారం. మా లడ్డూకి 8 ఏళ్ళు, 4 కిలోలు ఉంటుంది. నోరు ఎప్పుడూ కాస్త వాసనే. కుక్క నోరు అంతేలే అని వదిలేశాం. పది రోజుల నుంచి మాత్రం వాసన మారిపోయింది. ముద్దు చేద్దామని దగ్గరికి తీసుకుంటే ఎండుచేపల బుట్ట మూత తీసినట్టుంది. మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదండీ. పక్కింటివాళ్ళే దొంగచాటుగా పెడుతున్నారని మా అత్తయ్యగారు వాళ్ళతో మాటలు మానేశారు. తిండి తింటోంది, కానీ ఎడమవైపే నములుతోందేమో అని నా అనుమానం. మనం వాడే పేస్టుతో పళ్ళు తోమొచ్చా? డాక్టరు దగ్గరికి వెళ్ళేంత విషయమేనా?

పగ్గుబాబాయి:
మన పేస్టు వద్దమ్మా. మనం ఉమ్మేస్తాం, అది మింగేస్తుంది. కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, కుక్కలకి అది విషం. కుక్కల పేస్టు వేరే దొరుకుతుంది.
ఇంకో సంగతి, నవ్వకండి. లడ్డూ వెనకభాగం నేలకేసి ఈడుస్తోందా? అక్కడ అదేపనిగా నాకుతోందా? మలద్వారానికి రెండు పక్కలా చిన్న తిత్తులుంటాయి. అవి నిండి ఖాళీ కాకపోతే నాకి నాకి ఆ చేపల వాసన నోటికి పట్టుకుంటుంది. మా వాడికి నెలరోజులు నోరే కడిగాం. తీరా చూస్తే గొడవ వెనకాల.

మూడుకుక్కలఇల్లు:
బాబాయి చెప్పింది చూడండి, కానీ పళ్ళనీ వదలకండి. పెద్ద కుక్కకైనా చిన్న కుక్కకైనా పళ్ళు 42. పొమరేనియన్ దవడ ఎంతుంటుంది చెప్పండి? ఇరుక్కుని మొలుస్తాయి, సందుల్లో గార కడుతుంది, చిగురు కింద కుళ్ళుతుంది. ఒకవైపే నమలడం అందుకే కావచ్చు. కంటి కింద వాపు కనిపిస్తే పైపన్ను వేరులో చీము పట్టి ఉండొచ్చు, ఆగకూడదు.
నేను భయపడేది మాత్రం వేరే వాసనలకి. మా షిట్జూ ముసలిది, దాని నోరు ఒకరోజు బస్టాండు మూత్రశాలలా కొట్టింది. పళ్ళే అనుకున్నాను. నీళ్ళ గిన్నె రోజుకి నాలుగుసార్లు నింపుతున్నానన్న సంగతి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) ఎక్కువుందని చూశాకగానీ తట్టలేదు. కిడ్నీలు. మందులతో, మార్చిన తిండితో ఏడాదిన్నర ఉంది. ముందే వెళ్ళి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.
మిగలముగ్గిన పండులానో, గోళ్ళరంగు చెరిపే ద్రావణంలానో తియ్యటి వాసన వస్తే షుగర్ ముదిరిందేమో చూడాలి. దాంతోపాటు వాంతులు, నీరసం ఉంటే ఆ రాత్రే వెళ్ళండి, తెల్లారేదాకా ఆగొద్దు.
మత్తు లేకుండా గీకేస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. పైకి తెల్లగా మెరుస్తాయి, చిగురు కింద మురికి అలాగే ఉంటుంది. మత్తు ఇచ్చే ముందు రక్తపరీక్ష చేయించమని మీరే అడగండి.

పొట్టికాళ్ళవాడు:
టార్చి వేసి అంగిలి కూడా చూడండి. మా డాక్స్‌హండ్‌కి ఐస్‌క్రీమ్ పుల్ల ముక్క పైపళ్ళ మధ్య అడ్డంగా ఇరుక్కుంది. మూడురోజులు మూతి కాలితో గోక్కుంటుంటే అల్లరి అనుకున్నాం.

లడ్డూవాళ్ళమ్మ:
ఈరోజు చూపించాం. బాబాయిగారూ, మీ మాటే నిజం! డాక్టరుగారు తిత్తులు నొక్కగానే గదంతా అదే వాసన, మావారు బయటికి పరుగు. కుడివైపు పై దవడ పన్ను ఒకటి కదులుతోందట, ఎడమవైపు నమలడం అందుకే. రక్తం తీశారు. కిడ్నీ, లివర్ రిపోర్టులు రేపొస్తాయి, బాగుంటే వచ్చే వారం మత్తిచ్చి పళ్ళు శుభ్రం చేసి ఆ పన్ను తీసేస్తారు. నీళ్ళు మామూలుగానే తాగుతోంది, అయినా టెన్షనే.
అత్తయ్యగారు సాయంత్రం పక్కింటికి పులిహోర పంపించారు. ఏం విశేషమని వాళ్ళడిగితే, ఊరికే అన్నారట.