డొమినో డామ్సెల్‌ను తీసేయాలా, ఉంచి సర్దుబాటు చేయాలా?

నీలిరాయి (హైదరాబాద్):
మా ఇంట్లోని నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకులో దాదాపు 240 లీటర్ల నీరు పడుతుంది. రెండేళ్ల క్రితం దాన్ని కొత్తగా పెట్టినప్పుడు, నీరు కుదురుకోవడానికి ముందుగా ఒక గట్టి చేపను వదలమని దుకాణదారు చెప్పగా, బొటనవేలి గోరంత ఉన్న డొమినో డామ్సెల్‌ను తెచ్చాను. నల్లటి ఒంటి మీద మూడు తెల్లచుక్కలతో అప్పట్లో ఎంతో ముచ్చటగా ఉండేది. ఇప్పుడు మూడున్నర అంగుళాలకు పెరిగి, ఎడమవైపు రాళ్ల గుట్టను ఆక్రమించుకుని, దగ్గరికి వచ్చిన ప్రతి చేపనూ తరుముతోంది. పది రోజుల క్రితం తెచ్చిన రెండు ఫైర్‌ఫిష్‌లలో ఒకటి మర్నాడే మూత సందులోంచి దూకి నేల మీద చనిపోయింది. రెండోది రాతి కింద నుంచి బయటికి రావడం లేదు. మా పిల్లలకు డొమినో అంటే ప్రాణం. రాళ్ల అమరిక మారిస్తే దాని పొగరు దిగుతుందని కొందరు, తీసేయక తప్పదని కొందరు అంటున్నారు. అనుభవమున్నవారు చెప్పగలరు.

పగడపుతోట:
తీసేయడానికి తొందరపడవద్దని నా మనవి. చేప కాపాడుకునేది ఫలానా రాయిని, ఫలానా గుహను. ఆ గుర్తులు చెరిగిపోతే అది కూడా కొత్తగా వచ్చిన చేపలాగే దారి వెతుక్కోవాలి. రాళ్లు మార్చి, ఆ రోజంతా లైట్లు ఆర్పి, చిల్లులున్న పారదర్శకమైన పెట్టెలో ఫైర్‌ఫిష్‌ను వారం రోజులు ట్యాంకులోనే ఉంచి ఆ తర్వాత వదలండి. పసుపుతోక డామ్సెల్ విషయంలో నాకు ఈ పద్ధతి పనిచేసింది. రెండేళ్లు పెంచిన ప్రాణిని, మనమే ఎంచుకుని తెచ్చి, ఇప్పుడు వద్దనుకోవడం నాకు న్యాయంగా తోచడం లేదు.

అలలగది:
పగడపుతోట గారి పద్ధతిలో తప్పు లేదు కానీ, అది పనిచేసిన చేప వేరు, ఇక్కడున్న చేప వేరు. పసుపుతోక డామ్సెల్ మూడంగుళాలు దాటదు, డామ్సెల్‌లలో కాస్త నెమ్మదైనది. డొమినో అయిదున్నర అంగుళాల వరకూ పెరుగుతుంది. పిల్లప్పుడు సముద్రంలో ఎనిమోన్ల (పువ్వుల్లా కనబడే సముద్రజీవుల) చాటున, సముద్రపు ముళ్లకాయల మధ్య తలదాచుకునే ఆ చేపే పెద్దదయ్యాక ఎవరికీ లొంగదు. నా ట్యాంకులో ఒకటి ఉన్నప్పుడు, అద్దం తుడవడానికి చెయ్యి పెడితే మణికట్టు మీద పొడిచేది. అలా పొడవబోయే ముందు టక్ టక్ మని దాని పళ్ల చప్పుడు అద్దం బయటికి కూడా స్పష్టంగా వినిపించేది. అలాంటి చేపకు నాలుగడుగుల ట్యాంకులో ఎడమ గుట్ట ఒక్కటే సొంతమని అనుకోవడం పొరపాటు. మొత్తం ట్యాంకు దానిదే. రాళ్లు ఎటు తిప్పినా ఆ నాలుగడుగులు నాలుగడుగులే కదా!

సముద్రంలో తరిమించుకున్న చేప నాలుగైదు గజాలు పారిపోతే బతికిపోతుంది, తరిమినది కూడా తన చోటికి మళ్లుతుంది. మన ట్యాంకులో ఆ నాలుగైదు గజాలు ఎక్కడున్నాయి? పగడపు దిబ్బల చేపలు తమ రంగునూ ఆకారాన్నీ పోలిన వాటినే ఎక్కువగా తరుముతాయని జంతువుల ప్రవర్తనను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ గమనించాడు. ఆ లెక్కన సన్నగా, తెలుపూ ఎరుపుగా ఉండే ఫైర్‌ఫిష్ జోలికి డొమినో పోకూడదు. కానీ చోటు ఇరుకైతే ఆ మినహాయింపు కూడా మిగలదని మీ నేల మీద పడిన చేప చెబుతోంది. పైగా రాళ్లకు అతికించిన పగడాలను కదిలిస్తే, అవి తిరిగి విచ్చుకోవడానికి రోజులు పడుతుంది.

నేను పాటించే కొలమానం ఒక్కటే: కొత్త చేప తింటోందా? తరిమినా, రెక్క అంచు చిరిగినా, మూడో రోజుకల్లా బయటికొచ్చి తిండి అందుకుంటే ఓపిక పట్టవచ్చు. మీ ఫైర్‌ఫిష్ పది రోజులుగా దాక్కునే ఉంది. ఇంకో వారం ప్రయోగాలు చేసే వ్యవధి దానికి లేదు.

డొమినోను పట్టడానికి వల పట్టుకుని వెంటపడకండి, పగడాలు విరగడం తప్ప ఫలితం ఉండదు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగాన్ని కోసి, గరాటులా తిరగేసి అందులోకే దూర్చి, లోపల కాస్త మైసిస్ రొయ్య వేసి, బరువు కట్టి దాని గుట్ట పక్కనే పెట్టండి. ఆ రోజు బయట తిండి వేయకండి. తన చోట్లోకి వచ్చిన వస్తువును చూడకుండా అది ఉండలేదు. పట్టాక సంప్‌లో (ట్యాంకు నీటిని వడకట్టడానికి విడిగా పెట్టే తొట్టిలో) ఉంచి, పెద్ద చేపలను మాత్రమే పెంచే పెద్ద ట్యాంకు ఉన్నవారికి ఇవ్వండి. దయచేసి సముద్రంలో మాత్రం వదలవద్దు. 1985లో ఫ్లోరిడా తీరంలో మొదట కనబడిన లయన్‌ఫిష్ అనే వేటాడే చేప, అక్వేరియంల నుంచి వెళ్లిందే, కరీబియన్ అంతటా పాకిపోయింది.

అసలు తప్పు మీది కాదు. ట్యాంకు కుదుర్చుకోవడానికి చేపను వదలడం పాత అలవాటు. కొలత ప్రకారం అమోనియా చుక్కలు వేసి, చేపల వ్యర్థాలను శుద్ధిచేసే బ్యాక్టీరియాను పెంచుకుంటే చాలు. మొదట వదిలిన చేప ఇంటి యజమాని అవుతుంది. అందుకే పిరికి చేపలను ముందు, దుడుకు చేపలను చివర వదలాలి.

పగడపుతోట:
పది రోజులుగా తినడం లేదన్న విషయానికి నేను తగిన విలువ ఇవ్వలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా డొమినోను ఇచ్చేయడానికి ముందు రెండు వారాలు సంప్‌లో ఉంచి, ఫైర్‌ఫిష్ కుదురుకున్నాక ఒక్కసారి తిరిగి వదిలి చూడమంటాను. అప్పుడు కొత్తగా వచ్చినది అదే అవుతుంది.

అలలగది:
చూడవచ్చు, అయితే సీసాను దగ్గరే సిద్ధంగా ఉంచుకుని. నా దగ్గర ఆ మార్పు నాలుగు రోజులే నిలిచింది.

నీలిరాయి:
రెండో రోజు సాయంత్రం డొమినో సీసాలో పడింది. ఇప్పుడు సంప్‌లో ఉంది, పిల్లలు అక్కడికే వెళ్లి తిండి వేస్తున్నారు. ఫైర్‌ఫిష్ ఈ ఉదయం రాతి అంచు దాకా వచ్చి రెండు రొయ్య ముక్కలు అందుకుంది. ట్యాంకు మూతకు జాలీ బిగించాను. ఆరడుగుల ట్యాంకు ఉన్నవారు ఎవరైనా డొమినోను తీసుకుంటామంటే చెప్పండి, నేనే తెచ్చి ఇస్తాను.