స్ప్రే కొడితే సైకిల్ ఫ్రేము రంగు ముడతలు పడుతోంది, ఎవరైనా చెప్పండి

పాతసైకిలు: పొద్దుట్నుంచి ఇదే పని. ఫ్రేమంతా గీకాను, ప్రైమర్ వేశాను. పైన స్ప్రే డబ్బాతో నలుపు కొడితే పది నిమిషాల్లో ముడతలు పడి లేచిపోతోంది. తుడిచి మళ్ళీ కొట్టాను, మళ్ళీ అంతే. డబ్బా పాడైందా?

ఉప్పుకాగితం: ఏ ప్రైమర్? ఎప్పుడు వేశారు?

రంగులడబ్బా: ఇంట్లో స్ప్రే ఎందుకండీ, పౌడర్ కోటింగ్ చేయించండి. ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల వేడికి పొడి కరిగి ఇనుముకు పట్టేస్తుంది. లగ్గుల్లో, అంటే ఫ్రేము గొట్టాలు కలిసే చోటి తొడుగుల్లో, ఇత్తడి అతుకు ఊడుతుందని భయపడతారు గానీ ఇత్తడి కరగాలంటే 800 దాటాలి. సొట్టల్లో పుట్టీ పెట్టి ఉంటే మాత్రం ఆ వేడికి నిలవదు.

ఉప్పుకాగితం: ఆయన అడిగింది అది కాదు.

పాతసైకిలు: రెడ్ ఆక్సైడ్ అన్నా. నిన్న సాయంత్రం బ్రష్షుతో వేశాను. చేతికి అంటట్లేదు, ఆరిపోయింది.

ఉప్పుకాగితం: డబ్బా తప్పు లేదు. కొట్లో దొరికే మామూలు రెడ్ ఆక్సైడ్ నూనె రంగు జాతిది. పైన ఆరినట్టుంటుంది, లోపల గట్టిపడటానికి రోజులు పడుతుంది. స్ప్రేలో ఉండే థిన్నర్ ఘాటు. మెత్తటి పొరలోకి దిగి దాన్ని ఉబ్బిస్తుంది, అది ఇనుమును వదిలి ముడుచుకుంటుంది.

మొత్తం తీసేయండి. పెయింట్ రిమూవర్ ఆరుబయట, గ్లోవ్స్ వేసుకుని పూయండి. లగ్గుల అంచుల్లో, బ్రేక్ బ్రిడ్జి (బ్రేకు బిగించే అడ్డగొట్టం) మూలల్లో అది దాక్కుంటుంది. పాత టూత్‌బ్రష్షుతో కడిగి తీయకపోతే నెల తర్వాత కొత్త రంగును అక్కడే లేపుతుంది. తర్వాత 80 నంబరు ఉప్పుకాగితం, ఆపైన 220. థిన్నర్ గుడ్డతో తుడిచి అదే రోజు ప్రైమర్ వేయాలి, ఈ వానల్లో ఉత్త ఇనుము తెల్లారేసరికి తుప్పెక్కుతుంది. ఈసారి ప్రైమర్ కూడా స్ప్రేదే, అదే కంపెనీది కొనండి. 25 సెంటీమీటర్ల దూరం నుంచి మూడు పలచటి పూతలు, పూతకీ పూతకీ పదిహేను నిమిషాలు.

చైన్‌కవర్: రెడ్ ఆక్సైడే ఉంచుకోవాలంటే పైన సింథటిక్ ఎనామెల్ వేయండి, థిన్నర్ కలిపి.

ఉప్పుకాగితం: థిన్నర్ కాదు, టర్పెంటైన్.

చైన్‌కవర్: మా వైపు రెండింటినీ థిన్నరే అంటారు.

ఉప్పుకాగితం: అనొచ్చు, డబ్బాలో సరుకు వేరు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగుల) ఘాటు థిన్నర్ కలిపి కొడితే ఆ ఎనామెల్ కూడా కింది ప్రైమర్‌ను లేపుతుంది. కొట్లో పేరు పెట్టి అడగాలి.

రంగులడబ్బా: ఏ రంగైనా సరే, బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు కూర్చునే గొట్టం) మరలకూ హెడ్ ట్యూబు (హ్యాండిల్ తిరిగే ముందు గొట్టం) లోపలికీ మాస్కింగ్ టేపు వేయండి. అక్కడ రంగు చేరితే బేరింగు కప్పులు నిండా కూర్చోవు, హ్యాండిల్ పట్టేస్తుంది. చాలా సైకిళ్ళకు ఫ్రేము నంబరు బాటమ్ బ్రాకెట్ కిందే ఉంటుంది, దాని మీద పూత పలచగా ఉండాలి.

పాతసైకిలు: రిమూవర్ తెచ్చాను, గీకుతున్నాను. థాంక్స్ అన్నా. ఫోర్కు కిందిభాగం క్రోమ్, దాని మీద కూడా ఇదే ప్రైమర్ పట్టుకుంటుందా?