పాత చేర్యాల పటాలు విప్పితే దద్దుర్లు, దగ్గు: శాంపిల్ ఎలా తీయాలి?

వరంగల్‌లో ఒక చిన్న మ్యూజియంలో పాత చేర్యాల పటాలు (గుడ్డ మీద కథల బొమ్మలు గీసి, చుట్టగా చుట్టి ఉంచేవి) చూసుకుంటాను. ఖాదీ గుడ్డకు పూసే చింతగింజల పిండి, జిగురే బ్యాక్టీరియాకూ బూజుకూ తిండి. వానాకాలం గదిలో తేమ 75 శాతం దాటుతోంది. పటం విప్పిన అరగంటకే తుమ్ములు, మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు, రాత్రికి పొడి దగ్గు. సెలవు రోజుల్లో ఏమీ ఉండదు.

ఎన్95 మాస్క్, గ్లౌజులు వాడుతున్నాను, వేపాకు పెట్టి చూశాను. సెట్రిజిన్ వేసుకుంటే ఆ పూటకే. ఎండ, స్పిరిట్ జోలికి మాత్రం పోలేదు. ఆ రంగులు పోతే మళ్లీ రావు. చుట్ట లోపలి అంచున బూడిద రంగు చుక్కలు, ముట్టుకుంటే పొడిలా రాలుతున్నాయి. అక్కడున్నదేమిటో తెలిస్తే మేలన్నారు డాక్టర్. ల్యాబ్‌వాళ్లేమో గుడ్డ మీద స్వాబ్ ఎప్పుడూ తీయలేదంటున్నారు.

రంగు చెడకుండా ఇలాంటి పటం నుంచి కల్చర్ టెస్టుకు (బూజునో బ్యాక్టీరియానో ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్షకు) శాంపిల్ ఎలా తీయాలి?