లాగ్ ఫైలు తుడిచేసినా డిస్కు ఖాళీ కాలేదు

ప్రశ్న:
మా కళాశాల గ్రంథాలయంలో డెబియన్ 12 (లినక్సు రకం) మీద కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. ఈ ఉదయం పుస్తకం ఇవ్వబోతే డేటాబేసు మొరాయించింది. 40 జీబీ డిస్కు నిండిపోయింది. వెతికితే వెబ్ సర్వర్ అపాచీ తన పనుల చిట్టా రాసుకునే లాగ్ ఫైలు ఒక్కటే 22 జీబీ! తుడిచేశాను. అయినా డిస్కు మొత్తం వాడకం చెప్పే డీఎఫ్ ఆదేశం నూరు శాతమే అంటోంది, కనిపించే ఫైళ్ల పరిమాణం కూడే డీయూ ఆదేశం 16 జీబీయే చూపుతోంది. ఎల్లుండి నుంచి పరీక్షలు, పిల్లలు పుస్తకాల కోసం బారులు తీరుతారు. దేన్ని నమ్మాలి?

జవాబు 1:
రెండూ నిజమేనండీ. లినక్సులో ఫైలు తుడవడమంటే దాని పేరు తీసేయడమే. అపాచీ దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉంది, అందుకే చోటు విడుదల కాలేదు. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఆదేశానికి ప్లస్ ఎల్ 1 జోడించి (lsof +L1) రూట్‌గా, అంటే పూర్తి అధికారాలున్న ఖాతాతో నడపండి, అలాంటి ఫైళ్లన్నీ బయటపడతాయి. తర్వాత అపాచీని రీస్టార్ట్ చేయండి. ఇకపై వాడుకలో ఉన్న లాగ్‌ను తుడవకండి, ట్రంకేట్ ఆదేశంతో సున్నా పరిమాణానికి కుదించండి.

జవాబు 2:
అసలు లాగ్ అంత పెరిగేదాకా, పాత లాగ్‌లను ఎప్పటికప్పుడు పక్కకు మార్చి తొలగించే లాగ్‌రొటేట్ ఏం చేస్తోంది? దాన్ని డీబగ్ పద్ధతిలో నడిపి చూడండి. ఏ ఫైలునూ ముట్టుకోకుండా తప్పు ఎక్కడుందో చెబుతుంది.

అడిగినవారు:
రీస్టార్ట్ చేయగానే డిస్కు వాడకం 42 శాతానికి దిగింది! అపాచీకి సంబంధించిన లాగ్‌రొటేట్ అమరికల ఫైలులో చివరి బ్రాకెట్ మూయలేదు, సరిచేశాను. డేటాబేసు (మారియాడీబీ) పట్టికలు కూడా పరీక్షించాను, అన్నీ క్షేమం. ఇద్దరికీ కృతజ్ఞతలు.