ఈసీజీ తీసేసరికి గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది

కుడిచేతి_నాడి:
నాకు 47 ఏళ్లు. ప్రూఫులు దిద్దే పని, రోజంతా కుర్చీలోనే. ఎనిమిది నెలలుగా గుండె లయ తప్పుతోంది. నాలుగైదు బీట్లు మామూలుగా పడతాయి, ఒకటి మింగేస్తుంది, వెంటనే లోపల్నుంచి ఎవరో తలుపు బాదినట్టు దబ్బుమంటుంది. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుంటే మరీ ఎక్కువ. మావారికి నాడి పట్టుకోమని చెయ్యిస్తే ఆయనకీ తెలిసింది. నా భ్రమ కాదని అదొక ఊరట.

మూడుసార్లు ఈసీజీ తీశారు, మూడుసార్లూ నార్మల్. ఆ పది సెకన్లు మాత్రం ఇన్‌స్పెక్షన్ రోజు పిల్లల్లా కుదురుగా ఉంటుంది. "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని పంపేశారు. టెన్షన్ వల్ల ఇది వస్తోందో, దీనివల్ల టెన్షన్ వస్తోందో! చివరికి నేను పట్టుబట్టాక హోల్టర్ పెట్టారు, అంటే రోజంతా ఒంటికి తగిలించుకుని గుండె లయ రికార్డు చేసే చిన్న యంత్రం. 24 గంటల్లో లక్షా నాలుగు వేల బీట్లు, అందులో ఎక్టోపిక్స్, అంటే వరస తప్పి ముందే పడే బీట్లు, 3,100. దాదాపు అన్నీ గుండె పై గదుల్లోంచి వచ్చినవే. ఎకో (గుండె స్కానింగ్) బాగుంది. "భయం లేదు" అన్నారు. సరే, భయం లేదు. మరి ఎందుకొస్తోంది? ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడే ఎందుకు? కాఫీ మానేసి నెలైంది, తేడా లేదు. కారణం దొరికినవాళ్లెవరైనా ఉన్నారా?

పాతకాపు:
మింగేసినట్టు అనిపించేది నిజానికి మింగడం కాదండీ. ఒక బీట్ తొందరపడి ముందే వచ్చేస్తుంది. అప్పటికి గుండె సరిగా నిండదు కాబట్టి ఆ దెబ్బ నాడికి ఒక్కోసారి అందనే అందదు. తర్వాత చిన్న విరామం. ఆ విరామంలో రక్తం ఎక్కువ నిండుతుంది, దాన్ని తోసే బీట్ గట్టిగా పడుతుంది. మనం ఉలిక్కిపడేది ఆ మంచి బీట్‌కే! ఇది తెలిశాక నాకు సగం దడ తగ్గింది.

నావి కింది గదివి, రోజు మొత్తంలో 18 శాతం. అంత ఎక్కువగా ఏళ్ల తరబడి ఉంటే కొందరిలో గుండె కండరం బలహీనపడుతుందని బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) ఇచ్చారు. అది పనిచేయక అబ్లేషన్ చేశారు, అంటే రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి ఆ బీట్లు పుట్టే చోటుని మాడ్చేయడం. ఎక్కడ పుడుతున్నాయో దొరికింది, కుడి జఠరిక (కుడి కింది గది) నుంచి ఊపిరితిత్తుల నాళం బయల్దేరే చోట. ఎందుకు పుడుతున్నాయంటే మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

చిన్నకోడలు:
అక్కా, హోల్టర్ చూసింది ఆ ఒక్క రోజునే కదా. మా మామగారికి అందులో ఏమీ దొరకలేదు, ఛాతీకి అంటించి 14 రోజులు లయ రికార్డు చేసే ప్యాచ్ పెడితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ బయటపడింది. పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతాయట, అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి వెళ్తే పక్షవాతం. ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతున్నారు. గురక గురించి కూడా అడిగారు, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉందని తేలింది. భయపెట్టడానికి కాదు. కానీ కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఇక్కడ రాస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ల్యాబ్_మనిషి:
రక్త పరీక్షల ఊసే లేదేంటండీ? టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పొటాషియం, మెగ్నీషియం, హిమోగ్లోబిన్ చూశారా? వాడే మాత్రలన్నీ రాయండి, జలుబు మాత్రలతో సహా. ముక్కు దిబ్బడకిచ్చే సూడోఎఫెడ్రిన్ కూడా గుండెని పరిగెత్తిస్తుంది.

కుడిచేతి_నాడి:
సిగ్గుగా ఉంది. థైరాయిడ్ మాత్ర ఆరేళ్లుగా వేసుకుంటున్నాను, 100 మైక్రోగ్రాములు. పొద్దున్నే పళ్లు తోముకున్నట్టే అయిపోయి అదొక మందన్న సంగతే మర్చిపోయాను. "మందులేమైనా వాడుతున్నారా" అంటే ప్రతిసారీ లేదనే చెప్పాను! కిందటేడు 11 కిలోలు తగ్గాను, మాత్ర మాత్రం అదే. నిన్న చేయించాను, టీఎస్‌హెచ్ 0.03. మిగతావి బాగానే ఉన్నాయి.

ల్యాబ్_మనిషి:
దొంగ దొరికినట్టే ఉంది. టీఎస్‌హెచ్ ఇంత తక్కువంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైందని, అది గుండెని రెచ్చగొడుతుంది. కానీ ఒక్క మాట. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నారా? కొన్ని మెషీన్లలో అది టీఎస్‌హెచ్‌ని లేనిపోని తక్కువగా చూపిస్తుంది. వాడుతుంటే కొన్ని రోజులు ఆపి మళ్లీ చేయించండి. మాత్ర మోతాదు మీరుగా మార్చకండి, అది డాక్టరు పని.

కుడిచేతి_నాడి:
రెండు నెలల తర్వాత రాస్తున్నాను. బయోటిన్ వాడుతున్న మాట నిజమే (మీకెలా తెలుసండీ!). వారం ఆపి చేయిస్తే 0.04. అంటే నిజంగానే తక్కువ. డాక్టరు మోతాదు 75కి తగ్గించారు. ఆరు వారాలు ఆగి చూస్తే టీఎస్‌హెచ్ 1.4. మళ్లీ హోల్టర్ పెడితే 3,100 కాస్తా 900 అయ్యాయి. చేతి వణుకు కూడా పోయింది, నేను దాన్ని వయసు ఖాతాలో వేసుకున్నాను.

ఎడమవైపు తిరిగితే ఇప్పటికీ దబ్బుమంటుంది. చిన్నకోడలూ, నువ్వు చెప్పావని ప్యాచ్ కూడా అడిగాను, వచ్చే నెల పెడతారట. మిగిలిన 900 సంగతేంటంటే డాక్టరు, "రోజంతా రికార్డు చేస్తే ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కొన్ని కనిపిస్తాయమ్మా" అన్నారు. తొమ్మిది వందలు కొన్నా అని అడగబోయి ఊరుకున్నాను.