తుఫాను సామాన్లకు చక్రాల పెట్టె: కవిటి వైపు ఇసక దారిలో ఏది నిలుస్తుంది?

ఉద్దానం_అబ్బాయి
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం, సముద్రానికి దగ్గర. ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. నేను హైదరాబాద్‌లో పని చేస్తున్నాను. అక్టోబర్ దగ్గర పడుతోంది కాబట్టి అడుగుతున్నాను. ఇంటి నుంచి తుఫాను షెల్టర్ అర కిలోమీటరు పైనే ఉంటుంది. సగం దూరం సిమెంటు రోడ్డు, మిగతాది కొబ్బరి తోటల మధ్య ఇసక దారి. నీళ్లు, మందులు, బట్టలు, కాగితాలు, టార్చి అన్నీ కలిపి 40 కిలోల దాకా అవుతాయి. అమ్మ ఒక్కతే లాగగలగాలి, వానకు లోపల తడవకూడదు, గట్టిగా ఉండాలి. ఆన్‌లైన్‌లో పనిముట్లు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ పెట్టెలు చూశాను. వెనక రెండు చక్రాలు, పైకి లాగే హ్యాండిల్, మూతకు గట్టి క్లిప్పులు. ఎవరైనా వాడారా?

టెక్కలి_వెల్డింగ్
అవి షాపుల్లో టైల్స్ మీద లాగడానికి చేసినవి బ్రదర్. మీ ఇసకలో పది అడుగులు కూడా రావు. చక్రం చిన్నదైతే ఇసకలో దొర్లదు, కూరుకుపోయి ఈడ్చుకుంటూ వస్తుంది. పైగా ఆ పైకి లాగే హ్యాండిల్ ముందు విరిగేది. 40 కిలోల బరువు, తడి ఇసక, ఒక్కసారి గట్టిగా గుంజితే లోపలి గొట్టం వంగిపోతుంది, మళ్లీ లోపలికి పోదు.

నా మాట వినండి. పెట్టె వేరు, బండి వేరు. మూతకు ఇనప రింగు క్లాంపు ఉండే నీలం ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకోండి, నీటి చుక్క లోపలికి పోదు. దాని కింద పైపు ఫ్రేము, 10 అంగుళాల గాలి చక్రాలు రెండు, అటు నుంచి ఇటు ఒకే ఇరుసు రాడ్డు. బరువు ఇరుసు మీద పడేలా కూర్చోబెడితే చేతికి బరువే తెలియదు. ఏ వెల్డింగ్ షాపులోనైనా ఒక్క పూటలో చేసిస్తారు.

సాలూరు_లారీ
అన్నీ బాగున్నాయి, గాలి చక్రం మాత్రం వద్దు. తుఫాను వచ్చాక రోడ్డంతా మేకులు, రేకు ముక్కలు. సాలిడ్ రబ్బరు వేయించండి.

టెక్కలి_వెల్డింగ్
లారీ వేరు, ఇసక దారి వేరు అన్నా. గాలి కాస్త తగ్గించి పెడితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసక మీద తేలుతూ వస్తుంది. సాలిడ్ చక్రం అలా పరుచుకోదు. సన్నటి సాలిడ్ చక్రాలు వేస్తే మళ్లీ మొదటి కథే.

సాలూరు_లారీ
ఏడాదంతా అటక మీద పడున్న టైరులో గాలి ఎక్కడుంటుంది? అర్ధరాత్రి, కరెంటు లేదు, వాన కొడుతోంది, ఆ ముసలావిడ పంపు పట్టుకుని గాలి కొట్టాలా? ఇరవై ఏళ్లుగా టైర్లతోనే బతుకుతున్నాను. అత్యవసరానికి దాచి ఉంచే దానికి గాలి పెట్టకూడదు.

టెక్కలి_వెల్డింగ్
సెప్టెంబర్‌లో ఒకసారి గాలి కొట్టించుకుంటే చాలు. మన తుఫాన్లు చెప్పి మరీ వస్తాయి. ఫైలిన్ 2013 అక్టోబర్ 12, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11. 2021లో గులాబ్ మాత్రం సెప్టెంబర్ 26నే వచ్చింది. వినాయక చవితికి గాలి చూసుకోండి, అయిపోయింది.

నాగావళి_ఒడ్డు
ఇరుసుకు గ్రీజు మర్చిపోకండి. ఉప్పు గాలికి బేరింగులు బిగుసుకుపోతాయి. మామూలు బుష్ వేయించడమే మేలు.

చీపురుపల్లి_మాస్టారు
మీరంతా చక్రం దగ్గరే ఆగిపోయారు. నేను అసలు ప్రశ్న అడుగుతున్నాను. షెల్టర్‌కు 40 కిలోలు ఎందుకు?

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తుఫాను డ్యూటీలు చాలా చేశాను. మన తీరంలో షెల్టర్లు చాలావరకు స్తంభాల మీద కట్టినవి. ఉప్పెన నీళ్లు కింద నుంచి పోవాలని. అంటే మెట్లెక్కాలి. ఒకసారి మెట్ల మీద ఎవరిదో ట్రంకు పెట్టె అడ్డంగా ఇరుక్కుపోయింది. వెనక చంటి పిల్లతో ఒక తల్లి వానలో తడుస్తూ నిలబడింది. హాల్లో మనుషులు పడుకోవలసిన చోట డ్రమ్ములు, మూటలు, కుక్కర్లు. ఆ రాత్రి నేను ఎంతమందితో తగువు పెట్టుకున్నానో చెప్పలేను.

ఆధార్, రైస్ కార్డు, భూమి పాస్‌పుస్తకం, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ కవర్లో. వారం మందులు, రెండు జతల బట్టలు, టార్చి, అటుకులు, బెల్లం. భుజానికి ఒక సంచి. అంతే. చేతులు ఖాళీగా ఉంటే ముసలివాళ్లను పట్టుకోవచ్చు. ఎక్కువ సామాను ఉన్నవాడే ఆఖరి నిమిషం దాకా ఇల్లు వదలడు.

టెక్కలి_వెల్డింగ్
నీళ్లు మాస్టారూ? ఒక మనిషికి తాగడానికే రోజుకు 3 లీటర్లు. ఇద్దరికి మూడు రోజులకు 18 లీటర్లు, అంటే 18 కిలోలు. భుజం సంచిలో పెట్టమంటారా?

చీపురుపల్లి_మాస్టారు
షెల్టర్లో నీళ్లిస్తారు.

బారువ_అప్ప
ఇస్తారు మాస్టారూ, ట్యాంకరు వస్తే. తిత్లీ తెల్లవారుజామున కొట్టింది. తెల్లారి చూస్తే దారి పొడవునా కొబ్బరి చెట్లు, జీడి చెట్లు పడున్నాయి. ట్యాంకరు ఎలా వస్తుంది? కరెంటు లేదు కాబట్టి మోటార్లు లేవు. బోరింగు దగ్గర బిందెల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారు. నేనూ ఆ వరసలో నిలబడ్డాను. "నీళ్లిస్తారు" అని అంత తేలిగ్గా రాయకండి.

వెల్డింగ్ తమ్ముడికీ ఒక మాట. చెట్లు పడ్డ దారిలో నీ గాలి చక్రమూ దొర్లదు, ఆ సాలిడ్ చక్రమూ దొర్లదు. ఎత్తి అవతల పెట్టాలి. 40 కిలోల డ్రమ్ము గుండ్రంగా ఉంటుంది, పట్టుకోవడానికి పట్టే ఉండదు. రెండు పక్కలా పిడులుండే రెండు చిన్న పెట్టెలు ఒక బండి మీద పెట్టుకుంటే, ఒక్కొక్కటి దించి దాటించవచ్చు.

పలాస_జీడి
అప్ప చెప్పింది కరెక్ట్. ఒకటే పెద్ద పెట్టె వద్దు.

టెక్కలి_వెల్డింగ్
వెళ్లేది తుఫాను ముందు కదా, చెట్లు పడేది తర్వాత. డ్రమ్ముకు పిడులు వెల్డింగ్ చేసిన క్లాంపుతో బిగించవచ్చు, ఇద్దరు పట్టుకుంటే ఎత్తి దాటించవచ్చు. నేనే చేశాను.

బారువ_అప్ప
తిరిగి రావా తమ్ముడూ ఇంటికి?

ఇంకో సంగతి. "ఇద్దరు పట్టుకుంటే" అంటున్నావు. ఆ ఇద్దరు ఎవరు? మా పేటలో మగవాళ్లు ఆగస్టులోనే గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల బోట్ల మీద పనికి వెళ్లిపోతారు. మిగతావాళ్లు చెన్నై, హైదరాబాద్, దుబాయ్. అక్టోబర్‌లో ఇక్కడ ఉండేది ఆడవాళ్లం, ముసలివాళ్లం, పిల్లలం. నా కొడుకు కూడా ఇలాగే చెన్నై నుంచి ఒకటి పంపిస్తాడు, ఏడాది తిరిగేసరికి ఇంకొకటి. ఫోన్ చేసి "అమ్మా, వచ్చిందా? వాడుతున్నావా?" అంటాడు. వస్తువు వస్తోంది, మనిషి రావట్లేదు. ఈ అబ్బాయి రాసింది చదివితే అదే గుర్తొచ్చి కడుపు మండింది. అమ్మ ఒక్కతే 40 కిలోలు లాగాలట!

ఉద్దానం_అబ్బాయి
అప్పా, నేను సలహా అడిగాను. తిట్లు తినడానికి రాలేదు. మా ఇంటి సంగతి మీకు తెలుసా?

నాన్నకు కిడ్నీలు రెండూ పోయాయి. మా వైపు ఇది కొత్త మాట కాదు. పొట్టలో గొట్టం వేశారు, ఇంట్లోనే డయాలసిస్. రోజుకు నాలుగుసార్లు, ప్రతిసారీ పొట్టలోకి ఎక్కించే ద్రవం 2 లీటర్ల సంచి. రోజుకు 8 కిలోలు, మూడు రోజులకు 24 కిలోలు. సంచికి చిన్న చిల్లు పడ్డా పారేయడమే. అందుకే గట్టి పెట్టె అడిగాను. మాస్టారూ, భుజం సంచిలో ఇది పడుతుందా? ఊళ్లో పేరు తెలిసిపోతుందని ఇక్కడ రాయకూడదనుకున్నాను. రాయించారు.

సాలూరు_లారీ
అయ్యో. ముందే చెప్పుంటే బాగుండేది తమ్ముడూ.

చీపురుపల్లి_మాస్టారు
బాబూ, నీ కష్టం అర్థమైంది. కానీ ఇప్పుడు ఇంకా గట్టిగా చెప్తున్నాను, ఆ పెట్టె కొని ఆయన్ని షెల్టర్‌కు పంపకు. సంచి మార్చేటప్పుడు చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, మాస్కు పెట్టుకోవాలి, తలుపులు వేసుకోవాలి, ఫ్యాను ఆపాలి. ఇవన్నీ నేర్పించే ఉంటారు. తడి బట్టలతో ఊరంతా పడుకున్న హాల్లో అది ఎక్కడ కుదురుతుంది? పొట్టలోకి ఇన్ఫెక్షన్ వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది.

వాతావరణ శాఖ 72 గంటల ముందే తొలి సూచన ఇస్తుంది. 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్. మొదటి సూచన రాగానే ఆయన పలాసలోనో శ్రీకాకుళంలోనో డాబా ఇంట్లో ఉండాలి. నువ్వు చూడాల్సింది చక్రాలు కాదు, కారు.

ఉద్దానం_అబ్బాయి
రారు మాస్టారూ. అదే కదా సమస్య. ఆవు ఉంది, జీడి తోట ఉంది. ఫైలిన్‌కు ఇల్లు వదల్లేదు, తిత్లీకి ఇంటి పెంకులు ఎగిరిపోయాక పక్క డాబాలోకి వెళ్లారు. "ఎవరింటికో వెళ్లి సంచులు మార్చుకోవాలా?" అంటారు. ఆఖరి నిమిషంలోనైనా షెల్టర్‌కు వెళ్తారనే ఈ ఏర్పాటు.

బారువ_అప్ప
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. తండ్రి రానంటున్నాడు, కొడుకు ఆయనతో తగువు పడలేక పెట్టె వెతుకుతున్నాడు. ఫోన్లో చెప్తే ఏ ముసలాయన కదులుతాడు బాబూ? ఎదురుగా నిలబడి చేయి పట్టుకుంటే కదులుతాడు. ఆవుదేముంది, తాడు విప్పేసి ఎవరికైనా అప్పచెప్తే సరి. మీ అమ్మ ఒక్కతే ఆయన్ని పట్టుకుని, బండిని లాగి, ఇసకలో, చీకట్లో... నువ్వొకసారి ఆలోచించు.

ఉద్దానం_అబ్బాయి
తుఫాను వచ్చినప్పుడల్లా సెలవు ఎవరిస్తారప్పా? మొన్న జ్వరానికి అడిగితేనే జీతం కోశారు. నేను జీతం తేకపోతే అమ్మకు ఇల్లు గడవదు. రావాలని నాకు లేదనుకుంటున్నారా?

బారువ_అప్ప
ఉందనే రాస్తున్నాను. లేనివాడికి ఇంత రాయను.

పలాస_జీడి
గొడవ పక్కన పెట్టండి. మా అమ్మదీ ఇదే డయాలసిస్, కాబట్టి ఒక పద్ధతి చెప్తాను. సంచుల అట్టపెట్టె ఒకటి వర్షాకాలం మొదట్లోనే పలాసలో మా పిన్ని వాళ్లింట్లో పెట్టేస్తాం. నేల మీద కాకుండా బల్ల మీద, ఎండ తగలని చోట. గడువు తేదీ చూసుకుని మారుస్తుంటాం. అప్పుడు ఇంటి నుంచి మోసుకెళ్లేది ఒక రోజు సరుకే, 8 కిలోలు. అమ్మ మొహమాటం కూడా తగ్గింది, తన సామాను ముందే అక్కడ ఉంది కాబట్టి అది పరాయి ఇల్లులా లేదు. మీ నర్సును అడిగి చేయండి, నెల సరుకు లెక్క వాళ్లకు తెలియాలి.

చీపురుపల్లి_మాస్టారు
ఇది మంచి పద్ధతి. నా మాట కూడా ఇదే.

టెక్కలి_వెల్డింగ్
మీ మాట "అసలు సామానే వద్దు" కదా మాస్టారూ. సరే, వదిలేద్దాం.

అయినా బండి కావాలి. కారు ఇసక దారిలోకి రాదు, సిమెంటు రోడ్డు దాకా సామాను తేవాలి. 8 కిలోల సంచులు, 10 లీటర్ల నీళ్లు, బట్టలు, కాగితాలు. 25 కిలోలకు మించదు. అప్ప చెప్పినట్టు పిడులున్న పెట్టెలు రెండే పెడదాం. సంచులది కింద, నీళ్లది పైన పెట్టకండి, కారితే తడుస్తాయి. పక్కపక్కన పెట్టండి. చక్రాలు మాత్రం గాలివే.

సాలూరు_లారీ
25 కిలోలకు వెడల్పాటి సాలిడ్ చక్రం చాలు. నేను ఒప్పుకోను.

ఉద్దానం_అబ్బాయి
పలాసలో మేనత్త ఉంది. వచ్చే నెల సరుకు రాగానే ఒక పెట్టె అక్కడ దింపిస్తాను. నాన్నతో అత్తనే మాట్లాడమన్నాను, ఆవిడ మాట కాస్త వింటారు. వెల్డింగ్ అన్నా, ఫ్రేము కొలతలు పెట్టండి. మా గుమ్మం వెడల్పు రెండున్నర అడుగులు.

బారువ_అప్ప
బండి కొలతలు సరే. 72 గంటల సూచన వచ్చిన రోజున నువ్వు బయల్దేరతావా లేదా? అది రాయలేదు.

ఉద్దానం_అబ్బాయి
ఆ మూడు రోజులూ ఇంటి నుంచి పని చేయనివ్వమని ఇప్పుడే మేనేజర్‌ను అడిగాను అప్పా. పలాసలో నెట్ ఉంటుంది. జవాబు ఇంకా రాలేదు. ఒప్పుకుంటే రాత్రి రైలుకే బయల్దేరతాను.

చీపురుపల్లి_మాస్టారు
రైలు నమ్ముకుంటే మొదటి సూచనకే ఎక్కాలి బాబూ. వార్నింగ్ దాకా ఆగితే మన లైన్లో రైళ్లు రద్దు చేస్తారు, లేదా దారి మళ్లిస్తారు. మేనేజర్ కాదంటే ఇక్కడ రాయి. చీపురుపల్లి నుంచి నాకు తెలిసిన కారు పంపిస్తాను, డ్రైవర్‌తో పాటు నేనూ వస్తాను.